పలకలు తేలని పడవ

తర్లుపాడు నుంచి ఒక అమ్మాయి ఈ నెల ఇట్లా వ్రాసింది:

"మామయ్యా! మా వీధి వడ్రంగి తాతనడిగి మూరెడు బూరుగు కొయ్య తెచ్చుకొని పడవ చెక్కాను. నునుపు చెయ్యడానికి మా ఊళ్లో దొరికే పలకరాతి ముక్కకు గరుకు కాగితం చుట్టి రుద్దాను. పైన చదునుగా ఉన్నచోట చాలా బాగా వచ్చింది. కాని కింద వంపుగా ఉన్నచోట ఎంత రుద్దితే అంత చెడుతున్నది. పడవ పొట్ట గుండ్రంగా ఉండక బెండకాయలాగా గీతలు గీతలుగా తయారైంది. కాగితం మార్చాలా? కొయ్య మార్చాలా?"

అమ్మాయీ, రెండూ మార్చనక్కర లేదు. కాగితం వెనకాల ఉన్న రాయిని మార్చాలి. ఎందుకో చెబుతాను. మిగతా పిల్లలు కూడా వినండి. చెంచా పిడి దగ్గర నుంచి సముద్రంలో తిరిగే నావ దాకా వంపు ఉన్న ప్రతి వస్తువుకూ ఈ సంగతి పనికివస్తుంది.

మూడు పలకలు

మన భాషలో "పలక" అన్న మాటకు మూడు అర్థాలున్నవి. అక్షరాభ్యాసంనాడు ఒళ్లో పెట్టుకునే నల్లపలక ఒకటి. మార్కాపురం పేరు దూరదేశాలకు తెలిసింది దానివల్లనే. మానును కోసి తీసిన చెక్క పలక రెండవది. ఇక మూడవది, వస్తువుకు ఉండే చదునైన ముఖం. మీ పెన్సిలును చేతిలో తిప్పి చూడండి. దానికి ఆరు ముఖాలుంటే "ఆరు పలకల పెన్సిలు" అంటాము గదా!

ఇప్పుడు మన అమ్మాయి చేసిన పని చూడండి. రాతిపలకతో కొయ్యపలకను రుద్దింది. పడవకు పలకలు తేలినవి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. చదునైన వస్తువుతో రుద్దితే చదునే వస్తుంది.

మార్కాపురం, తర్లుపాడు ప్రాంతంలో దొరికే రాయి సంగతి తెలుసుకుంటే ఇది ఇంకా బాగా బోధపడుతుంది. ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మెత్తని బంకమన్ను. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వపు మాట అది. పైన పొరలమీద పొరలు పడి ఆ మన్ను గట్టిపడింది. తరువాత భూమిలో పుట్టిన ఒత్తిడి దానిని పక్కలనుంచి నొక్కింది. ఆ నొక్కుడుకు రాతిలోని సన్నని అభ్రకపు రేకులన్నీ పుస్తకంలో కాగితాల మాదిరిగా ఒకే వైపుకు సర్దుకున్నవి. అందుచేతనే సన్నని ఉలి పెట్టి సుత్తితో మెల్లగా కొడితే రాయి రేకులు రేకులుగా విడిపోతుంది. పలకకు చదును కావటం సగం పుట్టుకతోనే వచ్చింది. మనిషి చెయ్యవలసినది మిగిలిన చిన్న చిన్న గరుకులు తీసెయ్యడమే.

కొయ్యకు అటువంటి పుట్టువంపు ఉండదు. పడవ వంపును మనిషే ఊహించాలి, మనిషే చెక్కాలి, మనిషే నునుపు చెయ్యాలి.

చదును పలకలతో గుండ్రని పడవ

తర్లుపాడుకు సముద్రం లేదు. పడవ కట్టే చోటు చూడాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి కాకినాడ దగ్గరకు వెళ్లాలి. అక్కడ గోదావరి పాయలు సముద్రంలో కలిసే ప్రాంతంలో కోరంగి, తాళ్లరేవు అనే ఊళ్లున్నవి. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. తెరచాప ఓడలు అక్కడే కట్టేవారు, అక్కడే బాగుచేసేవారు. మన తెలుగువాళ్లు ఆ రేవునుంచి ఓడ ఎక్కి బర్మాకు వెళ్లేవారు. అందుచేత బర్మాలో తెలుగువారందరికీ "కోరంగీలు" అనే పేరు వచ్చింది. 1839వ సంవత్సరంలో వచ్చిన గొప్ప తుఫాను ఆ రేవును పాడుచేసింది. కాని కొయ్యతో పడవ కట్టే విద్య ఆ చుట్టుపక్కల తరతరాలుగా నిలిచింది.

పడవ కట్టే విధానం ఇట్లా ఉంటుంది. ముందు అడుగున పొడుగాటి దూలం ఒకటి పరుస్తారు. అది పడవకు వెన్నెముక. దానికి రెండు పక్కలా వంపుకొయ్యలు నిలబెడతారు. అవి పక్కటెముకలు. వాటిమీద చెక్క పలకలు ఒకదాని పక్కన ఒకటి వంచి బిగిస్తారు. పలకల మధ్య సందుల్లో నూలో దూదో కూరి, నీరు రాకుండా పూత పూస్తారు.

ఇక్కడ ఒక చిక్కున్నది. పలక పొడుగువైపు వంగుతుంది గాని వెడల్పువైపు వంగదు. అందుచేత రెండు పలకలు కలిసేచోటల్లా చిన్న అంచు లేస్తుంది. అప్పుడే కట్టిన పడవను ముందునుంచి చూస్తే, పొట్ట గుండ్రంగా ఉండదు. చిన్న చిన్న ముఖాలు కలిపి చేసిన గుండ్రంలాగా ఉంటుంది. వడ్రంగి ముందు బాడిసతోనూ చిత్రికతోనూ ఆ అంచులు తీసివేస్తాడు. ఆ తరువాత అరగదీయడం మొదలవుతుంది.

"కొంచెం అంచు ఉంటే ఏమి? నీళ్లలో ఎవరు చూస్తారు?" అని మీరు అడగవచ్చు. నీళ్లే చూస్తవి. అంచు తగిలినచోట నీరు సుడి తిరుగుతుంది, పడవను వెనక్కి లాగుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. రంగు తడిగా ఉన్నప్పుడు పదునైన అంచుమీద నిలవదు. అంచుకు అటూ ఇటూ జారి, అంచుమీద పలచబడుతుంది. ఆ పలచని రంగు అన్నిటికన్నా ముందు అరిగిపోతుంది. అక్కడినుంచి నీరు కొయ్యలోకి దిగుతుంది, కొయ్య చివుకుతుంది. సముద్రంలో అయితే కొయ్యను తొలిచే పురుగులు కూడా కాచుకొని ఉంటవి. రంగు పోయినచోటే వాటికి దారి దొరుకుతుంది. అరగదీయడంలో జరిగిన చిన్న లోపం కొన్ని వర్షాకాలాల తరువాత చిల్లుగా బయట పడుతుంది. ఆ పడవలో కూర్చుని వేటకు పోయే మనుషులుంటారు సుమా!

ఇప్పుడు ఫైబరు పడవలు వచ్చి కొయ్యపడవల పని చాలా తగ్గింది. అయినా అరగదీసేవాడి పని పోలేదు. ఫైబరు పడవను అచ్చులో పోస్తారు. ఆ అచ్చు తీయడానికి ముందు పడవ రూపాన్ని ఒక్కసారి చేతితో నునుపు చెయ్యవలసిందే. ఆ రూపంలో ఒక్క పలక తేలితే, ఆ అచ్చులోనుంచి వచ్చిన ప్రతి పడవకూ అదే పలక తేలుతుంది.

వెదురు వంపు, కొబ్బరికాయ వంపు

వంపులన్నీ ఒక్కటి కావు. ఒక వెదురు ముక్క, ఒక కొబ్బరికాయ, ఒక కాగితం తెచ్చుకోండి.

కాగితాన్ని వెదురుకు చుట్టండి. ఎక్కడా ముడత పడకుండా చక్కగా అతుక్కుంటుంది. వెదురుకు అడ్డంగా వంపున్నది గాని పొడుగునా వంపు లేదు. దీనిని ఒంటివంపు అందాము.

ఇప్పుడు అదే కాగితాన్ని కొబ్బరికాయకు చుట్టండి. ఎంత జాగ్రత్త పడ్డా ముడతలు పడతవి. కొబ్బరికాయకు ఎటు చూసినా వంపే. దీనిని జంటవంపు అందాము. జంటవంపును చదును కాగితంతో ముడత లేకుండా కప్పడం ఎవరికీ సాధ్యం కాదని 1827లో గౌస్ అనే జర్మను గణితవేత్త చూపిన సూత్రంవల్ల తేలింది. గుండ్రని భూమిని చదును కాగితంమీద ఉన్నదున్నట్లు గీయలేకపోవడానికి కారణం కూడా ఇదే.

పడవలో ఈ రెండు వంపులూ ఉంటవి. నడిమి భాగం చాలావరకు వెదురు వంటిది. ముక్కు దగ్గర, వెనక కొస దగ్గర కొబ్బరికాయ వంటిది. ఒకే సాధనంతో రెండింటినీ రుద్దకూడదని మీకు ఈపాటికి తోచే ఉంటుంది.

గుట్టలు, గుంటలు

అసలు నునుపు చెయ్యడమంటే ఏమిటి? కొయ్యమీద కంటికి కనపడని గుట్టలూ గుంటలూ ఉంటవి. గరుకు కాగితం గుంటను పూడ్చలేదు. గుట్టను తీయడమే దానికి వచ్చిన విద్య. కాబట్టి మంచి సాధనమంటే గుట్టను తాకి, గుంటను తాకకుండా పైనుంచి పోయేది.

కాగితాన్ని వట్టి వేళ్లతో పట్టుకొని రుద్దితే ఏమవుతుంది? వేళ్లు మెత్తన. గుట్ట ఎక్కుతవి, గుంటలోకి దిగుతవి. గుట్ట ఎంత అరుగుతుందో గుంట కూడా దాదాపు అంతే అరుగుతుంది. కొయ్యలో మెత్తని చోట గుంట ఇంకా లోతవుతుంది. గంటసేపు రుద్దినా చేతికి నున్నగా తగులుతుందే గాని రూపం బాగుపడదు.

రాతిముక్కకు చుట్టి రుద్దితే? రాయి వంగదు. వంపుమీద ఒక్క గీత మేర మాత్రమే ఆనుతుంది. నీ బలమంతా ఆ గీతమీదనే పడుతుంది. అక్కడ చదునై ఒక పలక తేలుతుంది. చేయి కొంచెం జరిగితే పక్కన ఇంకొక పలక. బెండకాయ తయారు!

మరి పడవ కట్టేవాళ్లు ఏమి చేస్తారు? వంగే పట్టీ వాడతారు. పలచగా, పొడుగ్గా ఉండే చెక్కకు ఒకవైపు గరుకు కాగితం అతికించి, రెండు కొసల దగ్గరా పట్టుకొని రుద్దుతారు. ఆ పట్టీ పడవ వంపుకు తగినట్లు తాను కూడా వంగుతుంది. అయితే అది చిన్న గుంటలోకి దూరేటంత మెత్తన కాదు. రెండు గుట్టలమీద ఆని, మధ్యనున్న గుంటమీద వంతెనలాగా నిలుస్తుంది. గుట్టలు అరిగి గుంట మట్టానికి వచ్చేదాకా దానిని ముట్టుకోదు. పట్టీ ఎంత పొడుగుంటే అంత పెద్ద లోపాన్ని పట్టుకుంటుంది. లోపంకన్నా సాధనం పొడుగ్గా ఉండాలి. ఈ పనిలో గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే.

మీరు చేసి చూడండి

పెద్ద పట్టీ మనకు అక్కర లేదు. అడుగు పొడుగున్న ప్లాస్టిక్ స్కేలు, మెల్లగా నొక్కితే వంగేది, ఒకటి తీసుకోండి. దాని వెనకవైపు జిగురుతో గరుకు కాగితం అతికించండి. మూరెడు పడవకు ఇది చాలు.

ముక్కు దగ్గరి జంటవంపుకు స్కేలు పనికిరాదు. అక్కడికి పాత రబ్బరు చెప్పు అట్టనుంచి అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద ముక్క కోయించుకొని, దానికి కాగితం చుట్టండి. రబ్బరు అన్ని వైపులా కొంచెం కొంచెంగా వంగుతుంది గాని వేలంత మెత్తన కాదు. పడవ లోపల తొలిచిన గుంటకు గుండ్రని వెదురు ముక్క కావాలి. ఆ వెదురు గుండ్రం, గుంట గుండ్రంకన్నా ఒక పిసరు చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే అంచులే అరుగుతవి, అడుగు అరగదు.

గరుకు కాగితం వెనకాల ఒక అంకె ఉంటుంది. 60, 80, 120, 220 అని. గరుకు పొడిని జల్లెడ పట్టినప్పుడు, ఆ జల్లెడకు అంగుళం పొడుగున ఎన్ని కన్నాలున్నవో దానినిబట్టి ఈ అంకె వచ్చింది. అంకె పెరిగితే పొడి సన్నబడుతుంది. రూపం దిద్దడానికి 80, తరువాత 120, చివరకు 220 చాలు. తొందరపడి 80 నుంచి ఒక్కసారే 220కి దూకవద్దు. మొదటి కాగితం చేసిన లోతైన గీతలను మూడవ కాగితం తీయలేదు. నునుపైన కొయ్యమీద ఆ గీతలు రంగు వేసిన తరువాత కాని బయటపడవు. అప్పుడు ఏడ్చి లాభం లేదు!

ఇప్పుడు పని మొదలుపెట్టండి.

ఒకటి: పడవ పొట్టమీద పెన్సిలుతో ఇష్టం వచ్చినట్లు గీతలు గీయండి. పిచ్చిగీతలైనా ఫరవాలేదు. అంతటా ఉండాలి, అంతే.

రెండు: స్కేలును పడవ పొడుగుకు ఏటవాలుగా పెట్టి, ఏటవాలుగానే రుద్దండి. కొంతసేపు కుడినుంచి ఎడమకు, కొంతసేపు ఎడమనుంచి కుడికి. ముగ్గులో అడ్డగీతలు కలిసినట్లు మీ రుద్దుడు దారులు ఒకదానినొకటి దాటాలి. ఒకే దారిలో రుద్దితే అక్కడ కాలువ పడుతుంది.

మూడు: గట్టిగా నొక్కవద్దు. నొక్కితే పట్టీ గుంటలోకి కూడా వంగుతుంది. అప్పుడు పట్టీకీ వేలికీ తేడా ఉండదు. కొయ్యను కోసేది గరుకు పొడి, మీ బలం కాదు.

నాలుగు: కాసేపటికి ఆగి చూడండి. కొన్నిచోట్ల పెన్సిలు గీతలు పోయినవి. అవి గుట్టలు. కొన్నిచోట్ల ఇంకా ఉన్నవి. అవి గుంటలు. మీ పడవ పటం మీ ఎదుట గీసినట్లే ఉంటుంది. గీతలున్న గుంటను చూసి, అక్కడే వేలితో రుద్దాలని బుద్ధి పుడుతుంది. ఆ బుద్ధిని అణచుకోండి! అది ఇంకా లోతవుతుంది. చుట్టూ ఉన్న ఎత్తును తగ్గించండి. గుంట మరీ లోతుగా ఉంటే పూడ్చుకోవాలి.

అయిదు: గీతలన్నీ ఒకేసారి మాయమైతే రూపం కుదిరినట్లే. చివరి కాగితంతో మాత్రం కొయ్య ఈనె వెంబడే రుద్దండి. ఈనెకు అడ్డంగా పడిన గీతలు తెగిన పోగుల్లాగా కనపడుతవి.

కన్నుకన్నా చేయి

పని అయినదో లేదో చూడటానికి రెండు ఉపాయాలున్నవి.

ఒకటి దీపం. చీకటి గదిలో టార్చి లైటును పడవ పక్కనే, దాదాపు కొయ్యకు ఆనించి పెట్టండి. వెలుతురు పక్కగా పాకినప్పుడు చిన్న గుట్టకు కూడా పొడుగాటి నీడ పడుతుంది. సాయంత్రపు ఎండలో మన నీడ మనకన్నా పొడుగ్గా పడుతుంది చూడండి, అట్లాగే. తలపైన లైటు ఉంటే ఈ నీడలు కనపడవు.

రెండవది అరచెయ్యి. కళ్లు మూసుకొని, వేళ్లు చాచి, అరచెయ్యి మొత్తం ఆనించి పడవ పొడుగునా మెల్లగా జరపండి. చేతికీ కొయ్యకూ మధ్య పలచని గుడ్డ పెడితే ఇంకా మంచిది. కొయ్య గరుకు చేతికి తగలక, రూపం ఒక్కటే తెలుస్తుంది.

చేతి స్పర్శను తక్కువగా అంచనా వెయ్యకండి. 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు సన్నని ముడతలు పెట్టిన పలకలను తయారుచేసి, కళ్లకు గంతలు కట్టిన మనుషులచేత తడిమించారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలను కూడా వేలు కనిపెట్టింది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. అయితే వేలు జరుగుతూ ఉండాలి. కదలని వేలికి అంత తెలియదు. పాత వడ్రంగులు పనిముట్టు పక్కన పెట్టి కొయ్యను నిమురుతూ నిలబడటం చూసి, ఊరికే ముచ్చట పడుతున్నారనుకోకండి. వాళ్లు కొలుస్తున్నారు!

మన పనివాళ్ల ఉపాయాలు

వంపులను నునుపు చేసే మన పనివాళ్లు తలా ఒక దారి కనిపెట్టుకున్నారు.

ఏటికొప్పాక బొమ్మలు చేసేవారు అంకుడు కొయ్యను తరిణె మీద తిప్పుతారు. అక్కడ పనిముట్టు కదలక, కొయ్యే తిరుగుతుంది కాబట్టి గుండ్రం దానంతట అదే కుదురుతుంది. తిరిగే బొమ్మకు లక్క రంగు పట్టించి, ఎండిన మొగలి రేకుతో ఒత్తి మెరుగు పెడతారు. రేకు ఎటు వంపు ఉంటే అటు వంగుతుంది.

కొండపల్లి బొమ్మ అట్లా తిరిగేది కాదు. ఏనుగు తొండం, అంబారీ, మావటివాడు అన్నీ వేరువేరు ముక్కలు. తెల్ల పొణికి కొయ్యతో ముక్కలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దానిని మక్కు అంటారు. అతుకు దగ్గరి గుంటలు మక్కుతో నిండుతవి, పైకి వచ్చిన గుట్టలను ఆకురాయి తీస్తుంది. గుట్టలను తీయడం, గుంటలను నింపడం రెండూ అక్కడ చూడవచ్చు. మన అమ్మాయి పడవలో లోతు గుంట పడితే, పొట్టును జిగురులో కలిపి ఇట్లాగే పూడ్చుకోవచ్చు.

గరుకు కాగితం లేని రోజుల్లో ఏమి వాడేవారు? చాలా దేశాల్లో సొరచేప తోలు వాడేవారు. ఆ తోలుమీద పళ్లవంటి సన్నని పొలుసులుంటవి. మీ పెరట్లో పారిజాతం చెట్టు ఉంటే దాని ఆకును చెంపకు రాసుకొని చూడండి. గరగర లాడుతుంది. ఆ ఆకుతో కూడా కొయ్యను మెరుగు పెట్టేవారు.

పొడి సంగతి మరవవద్దు

ఇంతసేపూ కొయ్యమీద మిగిలేదానిని గురించి చెప్పాను. ఇప్పుడు కొయ్యనుంచి ఊడిపోయేదానిని గురించి చెప్పాలి. అరగదీసినదంతా ఎక్కడికి పోతుంది? కొంత నేలమీద పడుతుంది. కొంత గాలిలో ఉండి మన ముక్కులోకి పోతుంది.

ఇది మార్కాపురం ప్రాంతపు పిల్లలు బాగా తెలుసుకోవలసిన సంగతి. పలకరాతిలో సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండేదీ అదే. రాతిని పొడిగా కోసినా, రుద్దినా కంటికి కనపడనంత సన్నని సిలికా దుమ్ము లేస్తుంది. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రానులు. 5 మైక్రానులకన్నా సన్నని దుమ్ము ముక్కులో, గొంతులో ఆగక ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ దానిని శరీరం కరిగించలేదు, బయటికి తోయలేదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది. ఏళ్లతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు బిగుసుకొని ఆయాసం వస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. దానిని నయం చేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే మందు.

ఒకప్పుడు పలకల పనిలో చిన్నపిల్లలు కూడా ఉండేవారు. బడిపిల్లలు వ్రాసుకునే పలకను, బడికి పోని పిల్లలు తయారుచేసేవారన్నమాట. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టం కింద, పిల్లలను పెట్టకూడని ప్రమాదకరమైన పనుల జాబితాలో పలక బలపాల తయారీ కూడా తరువాత చేరింది. 1988లో ప్రభుత్వం పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చడానికి దేశంలో కొన్నిచోట్ల పథకాలు మొదలుపెట్టినప్పుడు, మార్కాపురం పలకల పరిశ్రమ వాటిలో ఒకటి. 2016లో చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ కూలికి పెట్టుకోకూడదని అందులో ఉన్నది.

మీరు సరదాకు చేసే పనికి కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. రాతిని ఎప్పుడూ పొడిగా రుద్దవద్దు. నీళ్లు పోసి రుద్దితే దుమ్ము లేవదు, బురదవుతుంది. ఆ బురదను ఎండకముందే కడిగెయ్యాలి. ఎండితే మళ్లీ దుమ్మే.

కొయ్యపొట్టు రాతిదుమ్మంత చెడ్డది కాకపోయినా మంచిది కాదు. చాలా ఏళ్లు పీల్చే పనివారికి ముక్కులో క్యాన్సరు రావచ్చునని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. కొయ్యను తడిపితే ఈనెలు ఉబ్బి మళ్లీ గరుకవుతవి గనుక, వట్టి కొయ్యను పొడిగానే రుద్దాలి. అందుచేత ఇంట్లో రుద్దకండి. ఆరుబయట, గాలి మీ వీపువైపునుంచి వచ్చేటట్లు కూర్చోండి. ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి. చేతిరుమాలు పెద్ద పొట్టును ఆపుతుంది గాని సన్నదానిని ఆపదు. పని అయిన తరువాత పొట్టును నోటితో ఊదకండి, చీపురుతో చిమ్మకండి. తడిగుడ్డతో ఎత్తండి.

రంగు వేసిన తరువాత మాత్రం తడిపి రుద్దవచ్చు. నీటిలో నానినా చెడని గరుకు కాగితం ఉన్నది. దాని కథ కూడా వినతగినదే. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఫ్రాన్సిస్ ఓకీ అనే ఆయన సిరాలు తయారుచేసేవాడు. ఆయన గరుకు కాగితం తయారుచేసే ఒక కంపెనీకి, తనకు గరుకుపొడి నమూనాలు పంపమని ఉత్తరం వ్రాశాడు. సిరా చేసేవాడికి గరుకుపొడి ఎందుకా అని వాళ్లు ఆరా తీశారు. నీటికి చెడని కాగితం చేసే ఉపాయం ఆయన కనిపెట్టాడని తెలిసింది. ఆ కంపెనీయే ఇప్పటి త్రీఎమ్. 1921లో ఆ కాగితాన్ని అంగట్లో పెట్టారు. కారులకు రంగు వేసే కర్మాగారాల్లో దుమ్ము తగ్గింది, నునుపు పెరిగింది. ఒక్క ఉపాయం పనివాడి ఊపిరికీ మేలు చేసింది, పనికీ మేలు చేసింది. మీ పడవకు రెండు పూతలు రంగు వేసి, బాగా ఆరిన తరువాత, ఈ నల్లని నీటికాగితంతో తడిపి మెల్లగా రుద్ది, ఆపైన మూడవ పూత వెయ్యండి. తేడా మీకే తెలుస్తుంది.

అమ్మాయీ, నీ పడవను పారవెయ్యకు. బెండకాయ అంచులన్నీ గుట్టలే గదా! నీ పలకలు మరీ లోతుగా లేకపోతే, స్కేలు పట్టీ వాటిని ఒక సాయంత్రంలో తీసేస్తుంది. నీ రాతిముక్కను కూడా దాచుకో. పడవ పైభాగానికి దానికన్నా మంచి సాధనం దొరకదు.

పిల్లలందరికీ ఈ నెల ఒక ప్రశ్న. అప్పడాల కర్ర, కోడిగుడ్డు, శెనగలు కట్టిచ్చే కాగితం పొట్లం, ఇత్తడి చెంబు పొట్ట, కంచం అడుగు, సైకిలు ట్యూబు: వీటిలో వేటికి కాగితాన్ని ముడత లేకుండా అతికించవచ్చు? ముందు ఊహించి వ్రాసుకోండి. ఆ తరువాత నిజంగా అతికించి చూడండి. మీ ఊహ ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో కూడా వ్రాయండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాము.